భీమునిపట్టణపు కొండత్రోవలు

మా యూరు కనిగిరి. ఒంగోలునకు పడమటగా, వెలిగొండలకు తూర్పుగా నున్న మెట్టసీమ. ఊరి కానుకొని దుర్గపుకొండ యున్నది. కొండ క్రింద కందిచేలు, పొగాకుచేలు, వాని నడుమ ఎఱ్ఱగరప డొంకలు. ఈ సీమలో నీటికి గల కఱవును, ఉన్న నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లకును ఎముకలకును గలుగు చేటును చదువరులు వినియే యుందురు. కావున బడికి సెలవులు వచ్చినంతనే మావారికి సముద్రతీరమునకు పోవలెనని కోరిక పుట్టుట వింత కాదు. వింత యేమనగా, పోయిన సంక్రాంతి సెలవులలో మేము సముద్రమును చూచుటకు గాక, సముద్రపు టొడ్డున కొండత్రోవలు వెదకుటకై పోయితిమి. అదియు సైకిళ్లతో.

ఇల్లాండ్రకు సైకిళ్లతో నేమి పని యని సోదరీమణులలో కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో. మా అత్తగారును వేసికొనిరి. అందుచేత మొదటినుండి చెప్పవలసి యున్నది.

రెండేండ్ల క్రిందటి మాట. మా అమ్మాయి కప్పుడు పండ్రెండవ యేడు. దుర్గపుకొండ ప్రక్క పల్లపు డొంకలో సైకిలు దిగుచు, మలుపున గరపమీద చక్రము జాఱి పడినది. కుడిచేతి మణికట్టు విఱిగి ఆఱువారములు కట్టుతో నుండెను. పడినది పిల్లయే గాని తప్పు మాది. బ్రేకురబ్బరులు అరిగిపోయి ఇనుము తగులుచున్నదని అది పదిదినములకు ముందే చెప్పెను. ఆదివారము చూతమని మేమంటిమి. ఆదివారమునాడు ఇంట అప్పడముల పని పడినది.

కట్టు విప్పిననాడే సైకిలును వెనుకవసారాలో గొలుసుతో కట్టి తాళము వేసితిమి. అమ్మాయి ఎదురు చెప్పలేదు. చెప్పకపోవుటయే మమ్ము బాధించెను. అప్పటినుండి అది బడికి నడచి పోయెడిది, నడచి వచ్చెడిది, అడిగినదానికి బదులు చెప్పెడిది, అంతే. మా అత్తగారు ఆ సైకిలు పీటమీద ఒరుగుల చాట పెట్టుట మొదలుపెట్టిరి.

క్రిందటి వేసవిలో ఒకనాడు అది భూగోళపుస్తకము చేతబట్టుకొని వచ్చి, విశాఖపట్టణముకడ తూర్పుకనుమలు సముద్రమునకు మిక్కిలి చేరువగా వచ్చునట గదా, చిన్నమ్మమ్మగారి యింటిచెంత కొండలు సముద్రములోనికే దిగునట గదా, అచ్చట సైకిలు త్రోవ లుండవా, అమ్మా, అని యడిగెను. ఆ యింటిలో రెండేండ్లకు అది నోరు విప్పి కోరిన కోరిక యది. కాదనుటకు మాకు నోరు రాలేదు. సరేయని ఒక నియమము పెట్టితిమి: ఏ త్రోవయైనను ముందు మేము నడిపి చూతుము, మేము దిగిన త్రోవలోనే అది దిగవలెను. ఇందులోని చిక్కేమనగా, మాకు సైకిలు తొక్కుట రాదు.

ముప్పదియాఱవ యేట ఆ విద్య మొదలుపెట్టితిమి. కోడికూతవేళ బడిమైదానమున మావారు వెనుక పీట పట్టుకొని పరుగెత్తెడివారు. చిన్ననాట మా తండ్రిగారు వసుచరిత్రము చెప్పునప్పుడు శ్లేష తెలియక ఎన్నడును ఏడ్వలేదు గాని, ఈ రెండుచక్రములను నిలువబెట్టలేక రెండుమాఱు లేడ్చితిమి. మొదటివారమున చీరకుచ్చెళ్లు గొలుసులో చిక్కి చినిగినవి. పిమ్మట చుడీదారు తొడుగుకొంటిమి. బడికి ముందుగా వచ్చిన పిల్లలు నవ్విరి. నెలదినములకు నవ్వుట మానిరి.

ఆ దినములలో మాకు ధైర్యమిచ్చినది పుదుక్కోట్టై స్త్రీల వృత్తాంతము. తమిళనాడులోని ఆ జిల్లాలో 1991వ సంవత్సరమున అక్షరాస్యతోద్యమము జరుగుచుండగా, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్తుగారు పూనుకొని స్త్రీలకు అక్షరములతోపాటు సైకిలును నేర్పించిరి. పొలము కూలికి పోవువారు, రాతిగనులలో పనిచేయువారు, అంగనవాడీ కార్యకర్తలు వేలకొలది నేర్చిరి. బిందెలతో నీళ్లు, మూటలతో సరకులు, వెనుకపీటపై బిడ్డలు, అన్నియు ఆ సైకిళ్లమీదనే. వారి మూటలముందు మాకు పీటమీద కూర్చుండుటయే బరువైనదని సిగ్గుపడి మఱల నెక్కితిమి.

కొండత్రోవలకు వేఱుగా సైకిళ్లున్నవి. దీని పుట్టుక అమెరికాలోని కాలిఫోర్నియా దేశమున. 1970ల దశకములో మెరిన్ సీమ యువకులు కొందఱు బరువైన పాత సైకిళ్లకు లావుపాటి టైర్లు తొడిగి టమాల్పయిస్ కొండచఱియలనుండి దిగుచు, 1976నుండి పందెములు పెట్టుకొనిరి. ఒక్కమాఱు దిగునప్పటికి చక్రపు నాభిలోని బ్రేకు వేడెక్కి గ్రీజంతయు పొగయై పోవునట. మఱల గ్రీజు కూరవలసి వచ్చుటచేత ఆ పందెమునకు ‘రీప్యాక్’ అనియే పేరు. 1977లో జో బ్రీజ్ అనునతడు కొండలకే తగిన సైకిలును తన చేతితో నిర్మించెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సునాటికి స్త్రీపురుషు లిరువురకును ఇందులో పందెములు నడచినవి. మామూలు సైకిలుకన్న దీని టైరు లావు, రెండంగుళములకు పైమాట. గుబ్బలుగా నుండి నేలను పట్టుకొనును. ముందుకడ్డీలలో కుదుపు నణచు ఉపాయ ముండును. గేర్లు మార్చుకొన్నచో ఎత్తు ఎక్కుట సుళువు. అమ్మాయిది ఇట్టిదే. మాకొఱకు ఒంగోలులో ఒకరు వాడి అమ్మినదానిని కొంటిమి. బ్రేకులు మేమే నొక్కి నొక్కి చూచితిమి.

ఒంగోలులో రాత్రి రైలెక్కి తెల్లవాఱి విశాఖపట్టణమున దిగితిమి. సైకిళ్లు లగేజిపెట్టెలో వచ్చినవి. ఒక మడ్డుగార్డు వంగుట తప్ప నష్టము లేదు. త్రోవలో మావారు తమ బడి అలవాటు విడువక, శ్రీకృష్ణదేవరాయలు మా పొరుగు దుర్గమగు ఉదయగిరిని 1514లో గెలిచి సింహాచలము చేరి శాసనము వేయించునప్పటికి 1516 వచ్చెననియు, ఆ దూరమును మనము నిద్రలో గడచితిమనియు చెప్పిరి. రాయలకు నడుమ కొండవీడు మొదలగు కోటలు పట్టవలసిన పని యుండెను గదా, మీకు టిక్కెట్టు చూపుట తప్ప పనియేమి యని మేమంటిమి.

మా పినతల్లిగారి కాపురము భీమునిపట్టణమున. గోస్తనీనది సముద్రమున గలియుచోట, కొండపాదమున నున్న చక్కని చిన్నయూరు. డచ్చివారు పదునేడవ శతాబ్దమున ఇచ్చట వర్తకము సాగించిరి. వారి సమాధులు నేటికిని సముద్రపుగాలిలో నిలిచియున్నవి. 1861లోనే పురపాలకసంఘ మేర్పడిన ఊరు. సందులు ఇఱుకు, చెట్లు పెద్దవి, మనుష్యులు తీరిక గలవారు. సెలవులకు వచ్చినవారు మనవలె తొందరపడుచుండగా చూచి నవ్వుకొనుట ఆ యూరివారి వినోదము.

మొదటిదినమున సముద్రమువెంబడి విశాఖకు పోవు తారుబాట పట్టితిమి. ప్రొద్దు పొడువకముందు అంత సొగసైన బాట మఱియొకటి లేదు. ఒకప్రక్క కెరటములు, ఒకప్రక్క కొండలు. నగరమునుండి సన్నని చక్రముల సైకిళ్లపై స్త్రీలును పురుషులును బారులుగా వచ్చుచుండిరి. అందొక ఆమెకు మా అత్తగారి వయస్సుండును. కాని యెండ యెక్కునప్పటికి కారులును బస్సులును క్రమ్ముకొన్నవి. 2020లో నీలిజెండా గుర్తింపు పొందిన ఋషికొండ తీరమున సెలవులనాడు కాలుపెట్ట చోటుండదు. ఇది బాటయే గాని మేము వెదకు త్రోవ కాదు. కంబాలకొండ అభయారణ్యమును గూర్చి యడిగితిమి. చిఱుతలు తిరుగు అడవి, అచ్చట చక్రములకన్న కాళ్లే మేలని తోచి నడచి చూచి వచ్చితిమి.

మఱునాడు ఇసుకను పరీక్షించితిమి. పొడియిసుకలో చక్రము అడుగైనను కదలదు, దిగబడి ఒరగును. ఆటువేళ సముద్రము వెనుకకు తగ్గినప్పుడు తడియారని యిసుక గట్టిగా నుండుననియు, టైరులో గాలి కొంత తగ్గించినచో అది వెడల్పుగా పఱచుకొని దిగబడదనియు అమ్మాయి కనిపెట్టెను. ఒక గంటసేపు కెరటముల యంచున ఎగురుచున్నట్లు పోయితిమి. ఎండ్రకాయలు మాముందు పరుగెత్తి కన్నములలో దూఱినవి. ఇంటికి వచ్చినపిమ్మట గాని దీని వెల తెలియలేదు. ఉప్పునీరు గొలుసును ఒక్కరాత్రిలో త్రుప్పు పట్టించును. రెండు బిందెల మంచినీళ్లతో కడిగి, పాతగుడ్డతో తుడిచి, మా పినతల్లిగారి కుట్టుమిషను నూనె చుక్కలుగా వేసితిమి. ఆమె నూనెసీసాను వెలుతురున కెత్తి చూచుకొని ఏమియు ననలేదు.

మూడవదినమున ఎఱ్ఱమట్టిదిబ్బలకు పోయితిమి. భీమిలికి చేరువనే, విశాఖ బాటప్రక్కన నున్నవి. వీనినిగూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

వేలయేండ్ల క్రిందట భూమి చల్లబడి మంచు పేరుకొన్న కాలమున సముద్రము వెనుకకు తగ్గెనట. అప్పుడు బయలుపడిన యిసుకను గాలి మోసికొని వచ్చి కొండల పాదమున పోగులు వేసెను. ఆ యిసుకలోని ఖనిజములందలి యినుము గాలికిని వానకును మాఱి, ప్రతి రేణువునకును కుంకుమపూత పూసెను. పిమ్మట వాననీరు దానిని కోసి కోసి, నిలువెత్తు గోడలుగా, మెలికలు తిరిగిన సందులుగా, గోపురములుగా మలచినది. దక్షిణాసియాలో సముద్రతీరమున ఇట్టివి తమిళనాడునను సింహళమునను తప్ప అరుదని శాస్త్రజ్ఞుల మాట. 2014లో వీనిని జాతీయ భూవిజ్ఞాన వారసత్వముగా ప్రకటించిరి. 2025లో తిరుమల కొండలతోపాటు యునెస్కో వారి ప్రపంచవారసత్వపు తాత్కాలికపట్టికలో చేర్చిరి.

ఆ దిబ్బల యంచున నిలిచి క్రిందికి చూచినప్పుడు మా అమ్మాయి ఊపిరి బిగబట్టెను. సైకిలెఱిగినవారికి ఆ మోహమెట్టిదో తెలియును. వంపులు, లోయలు, వాలుగోడలు, మెత్తని నేల. పడినను దెబ్బ తగులదు. ఇంతకన్న మంచి త్రోవ లోకమున లేదమ్మా యని అది మెల్లగా ననెను. అంతకుముందే యెవరివో చక్రముల జాడలు అడ్డదిడ్డముగా దిగియుండెను. మావారు మావంక చూచిరి. నియమము ప్రకారము ముందు దిగవలసినవారము మేము గదా.

మేము దిగలేదు. పొడిగా నున్న ఆ పాతజాడలను చూచుచు నిలిచితిమి. అవి గీతలుగా మొదలై క్రిందికి పోనుపోను చెయ్యి పట్టునంత గాళ్లయినవి. అమ్మాయి యేమనుకొన్నదో తన సీసాలోని నీళ్లు కొంచెము ఒక జాడలో పోసెను. నీళ్లు చెదరక ఆ గాడిలోనే పాఱి, అడుగు దూరము పోవునప్పటికి ఎఱ్ఱనై, గుప్పెడిసుకను ఈడ్చికొని పోయినవి. ప్రక్కన జాడ లేనిచోట పోసిన నీళ్లు ఉన్నచోటనే యింకినవి. ఆ దిబ్బలు త్రాగిన వాననీరే క్రింది బావులలో తియ్యని యూటయై వచ్చునని మా పినతల్లిగారు ముందురాత్రియే చెప్పియుండిరి. ఉప్పుసముద్రపు గట్టున తియ్యనీరు! మా కనిగిరిలో పుట్టినపిల్ల కా మాట మఱచిపోవుట కాదు. అది సీసా మూత బిగించి సైకిలును వెనుకకు త్రిప్పెను. దిబ్బలలో కాలినడకను, నడువదగిన మేరకు తిరిగి వచ్చితిమి.

అంతవఱకు బాగుగనే యున్నది. మఱునాటి తొట్లకొండ మాత్రము మాకు పరాభవము.

తొట్లకొండ సముద్రమునకు ఎదురుగా నున్న బౌద్ధక్షేత్రము. 1976లో నౌకాదళమువారు పైనుండి కొలతలు తీయుచుండగా బయటపడినది. 1988నుండి 1993వఱకు త్రవ్వకములు జరిగినవి. రెండువేలయేండ్ల క్రిందట భిక్షువు లిచ్చట వసించి, వాననీరు నిలువచేయుటకు రాతిలో తొట్లు తొలిచిరి. ఆ పేరే కొండకు నిలిచెను. క్రిందనుండి కొండమీదికి బాట వేసియున్నారు. సగము తొక్కి, సగము దిగి త్రోసికొనుచు ఎక్కితిమి. సైకిళ్లను వెలుపలనే యుంచి లోపల చూచితిమి. ఆ తొట్లచెంత నిలిచి క్రింద నీలముగా మెఱయు సముద్రమును చూచుచుండగా, పెద్దన మనుచరిత్రములోని ప్రవరుడు తలపునకు వచ్చెను. పసరు కాళ్లకు పూసికొని నిమిషములో హిమవంతము నెక్కినవాడు, ఆ పూత కరగినపిమ్మట దిగు త్రోవ తెలియక కదా చిక్కుపడెను.

మాకును అదియే జరిగినది. పైకి నిలిచిన వాలు క్రిందికి చూచునప్పటికి బావివలె నుండెను. పీట నెక్కి పది బారలు దిగితిమో లేదో, బ్రేకులు కీచుమనినవి. ఆ కీచుతోడనే ఆనాటి పిల్ల యరుపు చెవిలో వినబడెను. చేతులు చెమర్చి జాఱినవి. ఎట్లో ఆపి దిగి, కొండ దిగువవఱకు సైకిలును త్రోసికొనుచు నడచితిమి. నియమము నియమమే గనుక అమ్మాయియు నడచెను. తనకు దిగుట వచ్చియు నడచెను. సణుగలేదు, ముఖము ముడుచుకొనలేదు. ఆ వసారాలోని మౌనమే మఱల మాప్రక్కన నడచి వచ్చుచున్నట్లు తోచినది. మావారు త్రోవపొడుగున బౌద్ధస్తూపముల సంగతి చెప్పుచునే యుండిరి. అట్టివేళ వారి పాఠములు మిక్కిలి ఉపకారము చేయును.

రాత్రి మా పినతల్లిగారికి జరిగినది చెప్పితిమి. ఆమె కరువదియైదేండ్లు. ఆషాఢపూర్ణిమ సందర్భమున జరుగు సింహాచల గిరిప్రదక్షిణము ముప్పదిరెండు కిలోమీటర్లు, చెప్పులు లేక ఏటేట నడచివచ్చు మనిషి. అంతయు విని, ‘‘మీరు బండ్లవాండ్ర బాటలును వేడుకకు వచ్చువాండ్ర బాటలును చూచినారే గాని, కట్టెల ఆడవాండ్ర తోవ చూడలేదుగదా’’ అనిరి. ఈ సీమలో త్రోవను తోవ యందురు. మన డొంకను ఎఱుగరు.

తెల్లవాఱి ఆమె పంపగా ఊరివెనుక కొండలవైపు పోయితిమి. తాటితోపులు దాటి జీడిమామిడితోటల యంచున కాలిబాటలు రెండు చీలినవి. ఒకటి తిన్నగా కొండకు ఎగబ్రాకుచుండెను; మేకలదారి. రెండవది కొండను చుట్టుకొని యెటో పోవుచుండెను. మేము మొదటిదానివంక చూచుచుండగా, నెత్తిన కట్టెలమోపులతో నలుగురు స్త్రీలు రెండవదానివెంబడి దిగివచ్చిరి. ‘‘ఆ తోవంట ఎల్తే జారిపోతారమ్మా, మేకలే ఎల్తాయి. ఇటు రండి’’ అని ముందున్న పెద్దామె పిలిచెను. మోపు దింపకయే నిలిచి మాటలాడెను.

ఆ త్రోవను చూచినకొలది మాకు ఆశ్చర్యము హెచ్చినది. ఎచ్చటను హఠాత్తుగా ఎగయదు, హఠాత్తుగా పడదు. బండ అడ్డమైనచోట దానిమీదుగా పోక చుట్టుకొని పోవును. మలుపు ప్రతిదియు వెడల్పు. తలమీది మోపు కొమ్మలకు తగులకుండ ఆ మేర కొమ్మలు విఱిచియుండును. నీరు పాఱుచోట నాలుగు రాళ్లు పఱచియుండును. నెత్తిన బరువుతో, చూపు క్రిందికి వంచుటకు వీలులేక నడచువారు, అడుగు తడబడిన మెడ విఱుగునని యెఱిగినవారు, ఏండ్ల తరబడి కాళ్లతో దిద్దిన త్రోవ యది. అమెరికాలో ఇట్టి త్రోవలు వేయుటకే శాస్త్రము నేర్చిన పనివారు గలరట. ఇచ్చట ఆ శాస్త్రము కట్టెలమోపు క్రింద నున్నది.

ఒక గంటలో జీడితోపు పైనున్న మిట్టకు చేరితిమి. త్రోసికొనవలసిన పని రెండుచోట్ల మాత్రమే కలిగెను. పైనుండి గోస్తని మొగయు, తెల్లని కెరటపు గీతయు కనబడుచుండెను.

దిగుటకు ముందు బ్రేకులు రెండును నొక్కి చూచితిమి. గొలుసు, చక్రముల మొలలు, పీట, అన్నియు చూచితిమి. అమ్మాయి మా ప్రక్కన నిలిచి, ‘‘రాతిని చూడకమ్మా, రాతి ప్రక్కనున్న ఖాళీని చూడు. చూచినచోటికే బండి పోవును’’ అనెను. రెండేండ్లు సైకిలు ముట్టనిపిల్ల యీ మాట నెక్కడ దాచుకొన్నదో! తొక్కుడుపలకలు రెండును సమముగా నుంచి, పీటమీదనుండి కొంచెము లేచి, బరువును వెనుకకు జరిపి, రెండు బ్రేకులను కొద్దికొద్దిగా పట్టుచు విడుచుచు బయలుదేఱితిమి. ముందుబ్రేకును ఒక్కపెట్టున బిగించినచో తలక్రిందగుట తథ్యము. వెనుకది మాత్రమే బిగించినచో చక్రము జాఱును. ఆనాడు డొంకలో దానికి జరిగినది ఇదియే గదా యని సగము త్రోవలో స్ఫురించినది. దానికి పట్టుటకు బ్రేకే లేకపోయెను.

మొదటిమలుపు దాటితిమి. రెండవది దాటితిమి. మూడవమలుపున మఱల కట్టెలవారు ఎదురైరి. బరువు మోయువారిదే త్రోవ గనుక దిగి ప్రక్కకు తొలగితిమి. దిగుటకు అట్లు ఒక నెపము దొరకినందులకు కొంత సంతసించితిమని ఒప్పుకొనుచున్నాము. కాని వారు పోయినపిమ్మట మఱల నెక్కితిమి. క్రింద తాటితోపు చేరి నేల కాలుమోపునప్పటికి మోకాళ్లు వణకుచుండెను. గంట మ్రోగించితిమి. అది మా సంకేతము.

పైన చెట్లనడుమ అమ్మాయి ఎఱ్ఱరవిక యొకమాఱు కనబడి మాయమయ్యెను. మఱల క్రిందిమలుపున కనబడెను. అది బ్రేకు పట్టినట్లే లేదు, పట్టనట్లును లేదు. గాలిపటము దారమువెంబడి వచ్చినట్లు వచ్చినది. వచ్చి మాముందు నిలిచి, ‘‘అమ్మా, ఇంకొక్కమాఱు’’ అనెను. ఆ ఉదయమున మూడుమాఱులు ఎక్కి దిగెను. మూడవమాఱు మేము క్రిందనే కూర్చుంటిమి. నియమము మొదటిమాటునకే గాని ప్రతిమాటునకు కాదని మావారు ధర్మశాస్త్రము చెప్పిరి.

వచ్చునప్పుడు ఆ పెద్దామె బావికడ మఱల కనబడెను. మా కృతజ్ఞతలు విని నవ్వి, ‘‘ఎండగా ఉన్నప్పుడు రండమ్మా. వాన తడిలో రాకండి. గాళ్లు పడితే మా కాళ్లు నిలవవు’’ అనెను. ఆ త్రోవకు పేరు లేదు. మేమును పెట్టలేదు. భీమిలికి పోవు సోదరీమణులు అడుగదలచినచో కట్టెలవారినే అడుగవచ్చును. వారు త్రోవతోపాటు పోగూడని దినములను గూడ చెప్పుదురు. నీళ్లు రెండు సీసాలు తీసికొనిపోవలెను. శిరస్త్రాణము తప్పక ధరింపవలెను. మేము ధరించితిమి, జడ ముడివేసినచో అది సరిగా కూర్చుండదు, జడను వదలుగా వేసికొనవలెను. టైరులో గాలి తారుబాటకన్న కొంచెము తగ్గించవలెను. మా సీమలో నైనచో పల్లేరుగాయలకు జడిసి అదియు చేయలేము.

కనిగిరి చేరినరాత్రి సైకిళ్లను వసారాలో నిలిపితిమి. ఉదయమున మా అత్తగారు ఒరుగుల చాటతో వచ్చి, సైకిలుచెంత క్షణకాలము నిలిచి, చాటను నులకమంచముమీద పెట్టిరి. అమ్మాయి దంతధావనము చేయుచు కొండ, కట్టెలవారు, మలుపులు, అన్నియు నాయనమ్మకు ఒక్క యూపిరిలో చెప్పుచుండెను. వారు ఒరుగులు సవరించుచు వినుచుండిరి. వారి పుట్టినూరును కనిగిరియే.

‘‘ఆ చోద్యము చూచుటకు భీమిలి దాక పోవలెనా? మన దుర్గము వెనుకతట్టున లేదా కట్టెలదారి? నాకు పదేండ్లప్పుడు మా అమ్మవెంట ఆ దారినే పుల్లలు తెచ్చెడిదానను. మీరు ముందుతట్టు డొంకలో పడి చేతులు విఱుగగొట్టుకొనుచున్నారు’’ అనిరి.

ఇన్నేండ్లుగా ఆ మాట చెప్పలేదేమి యని మేమడిగితిమి.

‘‘నన్నెవరడిగిరి?’’ అనిరి. కొంతసేపటికి, ‘‘తుమ్మ కమ్ముకొనియుండును. ఎచ్చట మొదలగునో మీకు తెలియదు. ఆదివారము అబ్బాయిని నన్ను బండిమీద ఎక్కించుకొని రమ్మనుము, చూపెదను’’ అనిరి.

శనివారము సాయంకాలము మేము అంగడికి పోయి రెండు సైకిళ్లకును క్రొత్త బ్రేకురబ్బరులు వేయించితిమి.